చూడకుండా రెండు గంతులు

"మెల్‌బోర్న్!" అన్నాడు క్లైవ్ పెంగెల్లీ, లాప్‌టాప్ తెర మీద వేలు పెట్టి. అక్కడ మెల్‌బోర్న్ లేదు. ఫుట్‌బాల్ స్కోర్లున్నాయి.

రోవెనా ట్రెలోర్ ఆల్చిప్ప మాంసం కూరిన స్కాలప్ పైని కొరికింది. హోబార్ట్ రేవులో కట్టేసిన చేపల పడవ మీద, వేపుడు నూనె పొగలో కూర్చుని దేశ రహస్యాలు మాట్లాడుకోవడం గొప్ప తెలివని నమ్మే మనిషి ఆమె బాస్. నమ్మనీ. ఆమెకి చిర్రెత్తేది పడవని చూసి కాదు, అతని తెరని చూసి.

క్లైవ్ మౌస్ పట్టుకుని స్కోర్ల విండోని పక్కకి లాగాడు. దాని కింద వాతావరణం. దాని కింద ఎవరిదో కుక్కపిల్ల ఫోటో. దాని కింద మళ్ళీ వాతావరణం, నిన్నటిది. ఉతకని బట్టల కుప్పలా ఒకదాని మీద ఒకటి. గూఢచారి విభాగాన్ని ఇన్నేళ్ళుగా నడుపుతున్న పెద్దమనిషి తన తెర మీద తనకి కావలసింది తాను వెతుక్కోలేడు. అలాంటివాడు శత్రువుల్ని వెతుకుతున్నాడు!

"దొరికింది. హెరాన్ ముఠా. విదేశీ సరుకు. నదిలో ఓడలకి దారి చూపించే సిగ్నల్ ఉంటుంది కదా, దాన్ని జరిపేసే ప్రోగ్రామ్ తయారు చేశారు. ఓడ ఉండేది ఒక చోట. దాన్ని రేవులోకి నడిపించే పైలట్ చేతిలోని తెర మీద కనిపించేది ముప్పై మీటర్ల అవతల. కొనడానికి ఒకడొచ్చాడు. ముందు నమూనా చూపించమన్నాడు."

"మెల్‌బోర్న్‌లోనా?"

"అవును, ఈ వారంలోనే. డెల్ఫీన్ కబురు పంపింది."

డెల్ఫీన్ క్రే ఆ ముఠాలోకి ఈ విభాగం పంపిన మనిషి. రోవెనా, ఆమె ఒకే బ్యాచ్‌లో ట్రైనింగ్ అయ్యారు. డెల్ఫీన్ గదిలోకి వస్తే మగవాళ్ళు కుర్చీలు వెతికిపెట్టేవారు. ఆ వరసలో మొదటి మనిషి క్లైవ్.

"నమూనా మెల్‌బోర్న్‌లో అయితే, ఆవిడ హోబార్ట్‌లో ఏం చేస్తోంది బాస్?" అంది రోవెనా.

"ముఠాకి అనుమానం రాకూడదుగా! రోజ్నీ కొండ మీద నది సిగ్నల్ స్టేషన్‌లో టెక్నీషియన్‌గా ఉంది. ఇవాళ ఆమెని క్షేమంగా బయటికి తీసుకురావాలి. నిన్నే పంపమని తనే అడిగింది. పాపం, రెండేళ్ళు ఎంత నలిగిపోయిందో!"

"నిజమే. లిప్‌స్టిక్ కూడా చెదరనంతగా నలిగిపోయింది."

క్లైవ్ విననట్టు నటించి, బల్ల కింద నుంచి ఎర్రటి మంటలార్పే సిలిండర్ తీశాడు. అందులో నురగ లేదట, మత్తు గ్యాస్ ఉందట. మీట నొక్కితే ఏనుగైనా పడుకుంటుందట. టాస్మేనియాలో ఏనుగులెక్కడున్నాయని అడగబోయి రోవెనా ఊరుకుంది. గుర్తుమాట కూడా చెప్పాడు, ఇక్కడివాళ్ళు తినే మటన్‌బర్డ్ అనే సముద్రపు పక్షి గురించి. రోవెనా "పొగబెట్టిన మటన్‌బర్డ్ దొరుకుతుందా?" అనాలి. డెల్ఫీన్ "సీజన్ అయిపోయింది, ఉప్పేసిందే ఉంది" అనాలి. ఆఫీసులో ఏ మనిషైనా ఇలా మాట్లాడతాడా?

రోవెనా తన స్కాలప్ పై సగంలో వదిలేసి లేచింది. అప్పటికే జెర్రీ దిగుతోంది. చలికాలం పొద్దున డెర్వెంట్ నది పైనుంచి తెల్లటి గోడలా జారుకుంటూ వచ్చే పొగమంచుని ఊళ్ళో అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. ఇంకాసేపట్లో నది మీది వంతెన కాళ్ళు కనిపించవు.

*

సిగ్నల్ స్టేషన్ గేటు దగ్గర కాపలావాడు గుర్రప్పందాల పేజీలోంచి తల ఎత్తలేదు.

"సిలిండర్ల తనిఖీ," అంది రోవెనా, నీలం ఓవరాల్స్ మీద కుట్టిన దొంగ బ్యాడ్జీ చూపిస్తూ.

"ఫోన్ ఇక్కడ పెట్టి పోమ్మా. ఫోన్లు ప్రమాదం."

ఫోన్ తీసుకున్నాడు. చంటిపిల్లంత బరువున్న ఇనప సిలిండర్‌ని లోపలికి పంపాడు. దేశాన్ని ఇలాంటివాళ్ళు కాపాడుతున్నారు.

పై గదిలో డెల్ఫీన్ ఒక్కతే ఉంది. తెల్లటి ఉన్ని కోటు, మెడలో పచ్చ పట్టు స్కార్ఫ్. వయసు ఆమెని ముట్టుకోవడానికి భయపడినట్టుంది. చేతిగోళ్ళు మాత్రం మొదలంటా కత్తిరించి ఉన్నాయి. ఆ ఒక్క విషయంలో డెల్ఫీన్ అందాన్ని వదులుకుంది, ఎందుకంటే ఆ వేళ్ళంటే ఆమెకి మొహం కంటే గర్వం.

తలుపు చప్పుడవగానే ఆ వేళ్ళు ఒక్కసారి కదిలాయి. గోడకున్న అద్దంలో రోవెనాకి తెర కనిపించింది. మూడు ముక్కలుగా ఉన్న తెర ఒక్క విండో అయిపోయింది. మిగిలింది వాతావరణం.

"పొగబెట్టిన మటన్‌బర్డ్ దొరుకుతుందా?"

"సీజన్ అయిపోయింది, ఉప్పేసిందే ఉంది. అబ్బ, ఇంకా ఆ ముసలోడి గుర్తుమాటలేనా? ఎంత లావయ్యావే రోవీ!"

"నువ్వేం మారలేదు. తలుపు తీసేసరికి అన్నీ మూసేస్తున్నావు."

డెల్ఫీన్ నవ్వింది. ఆ నవ్వుకి క్లైవ్ అయితే సిలిండర్ ఎత్తి నెత్తిన పెట్టుకునేవాడు. "కూర్చో. వెళ్ళేముందు టీ తాగుదాం. కుర్చీ ఇదొక్కటే ఉంది, నా చోటులోనే కూర్చో. కావాలంటే కీబోర్డ్ మీద పాత సరదా తీర్చుకో."

డెల్ఫీన్ ఎవరికీ ఎప్పుడూ టీ పెట్టి ఎరగదు. ఆమె పక్క గదిలోకి వెళ్ళగానే రోవెనా కీబోర్డ్ మీద చెయ్యి వేసింది.

ప్రోగ్రాములు రాసుకునే ఆ ఎడిటర్ సాఫ్ట్‌వేర్ ఆమెకి కొట్టిన పిండి. ట్రైనింగ్‌లో అందరికీ నేర్పింది అదే. అందులో విండోలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చోవు. అల్మారా అరల్లా తెరని పంచుకుంటాయి. విండో మూసినంత మాత్రాన అందులోని రాత పోదు, వెనకాల బఫర్ అనే దాపులో భద్రంగా ఉంటుంది. ఏ విండో ఎక్కడుండాలో ఆ అమరికంతా ఒక అక్షరం కింద దాచుకుని, కావలసినప్పుడు పిలుచుకోవచ్చు.

పిలిచే కీ నొక్కింది. ఏదో క్యాలెండర్ వచ్చింది. ఇంకో కీ నొక్కితే తెర నల్లబడి మళ్ళీ వెలిగింది. డెల్ఫీన్ కీలన్నీ తనకి నచ్చినట్టు మార్చి రాసుకుంది. ఈ ఎడిటర్ వాడేవాళ్ళందరికీ అదే జబ్బు. ఒకరి ఎడిటర్ ముందు ఇంకొకరు కూర్చోవడం ఒకరి చెప్పులేసుకుని ఇంకొకరు పరిగెత్తడమే. కానీ కీలు మార్చుకున్నంత మాత్రాన ఆజ్ఞల పేర్లు మారవు. రోవెనా అమరికని పిలిచే ఆజ్ఞని పూర్తి పేరుతో టైప్ చేసింది. ఏ అక్షరం అని అడిగింది ఎడిటర్.

డెల్ఫీన్ తన పేరులోని మొదటి అక్షరం తప్ప వేరే అక్షరాన్ని ఎప్పుడైనా గౌరవించిందా? రోవెనా 'డి' నొక్కింది.

మూడు విండోలు తిరిగొచ్చాయి. ఎడమవైపు నది మ్యాపు, దాని మీద నెమ్మదిగా జరుగుతున్న ఓడ గుర్తు. కుడివైపు ఎవరితోనో చాట్. కింద ఆజ్ఞల విండో.

చాట్‌లో అవతలివాడు, సరుకు కొనేవాడే, రాశాడు: "హోటల్ కిటికీలోంచి వంతెన కనిపించడం లేదు. నేను 'ఇప్పుడు' అన్నప్పుడే చెయ్యి. శబ్దం వింటే చాలు."

మెల్‌బోర్న్ కాదు. ఇక్కడే, ఈ వంతెనే. ఒకసారి ఓడ గుద్దుకుని కూలిన వంతెన. ఆ రోజు గురించి హోబార్ట్‌లో ఎవరూ మాట్లాడరు, ఎవరూ మరిచిపోరు. పెద్ద ఓడ వంతెన కింద నుంచి పోయేటప్పుడు ఇప్పటికీ పైన కార్లు ఆపేస్తారు. అవతల మందపాటి గాజు వెనక కార్ల లైట్లు బారులు తీరుతున్నాయి.

మ్యాపు మీద ఓడ పేరు పక్కన పైలట్ పేరుంది. జేగో ట్రెలోర్.

రోవెనా వేలు ఆ పేరు మీద ఆనింది. జేగో ఆమె తమ్ముడు. ప్రపంచంలో ఆమె తిట్టకుండా వదిలిపెట్టిన మనుషులు ఎవరైనా ఉన్నారంటే వాడొక్కడే. ఈ పొద్దున జెర్రీలో వాడు కళ్ళతో చూసి నడపడు. చేతిలోని తెరని నమ్మి నడుపుతాడు. తెర ముప్పై మీటర్లు అబద్ధం చెబితే, ఓడని తిన్నగా తీసుకెళ్ళి వంతెన కాలికి కొడతాడు.

రేడియో వైపు చూసింది. దాని వైర్లు కత్తిరించి ఉన్నాయి. కింది విండోలో ప్రోగ్రామ్ చదివింది. పాస్‌వర్డ్ కొట్టి 'అమలు' అంటే సిగ్నల్ జరుగుతుంది. పాస్‌వర్డ్ కొట్టి 'రద్దు' అంటే ఆగిపోతుంది. ఓడ వంతెన దగ్గరికొచ్చేసరికి ఏ మాటా అందకపోయినా, ఎవరైనా లైను కోసినా, సిగ్నల్ తనంతట తానే జరుగుతుంది. పాస్‌వర్డ్ ఒక్కసారి తప్పు కొట్టినా అంతే.

అంటే డెల్ఫీన్‌ని కొట్టి పడేసినా లాభం లేదు. పాస్‌వర్డ్ కావాలి. అది డెల్ఫీన్ వేళ్ళలో ఉంది.

వేళ్ళలో! రోవెనాకి ట్రైనింగ్ గది గుర్తొచ్చింది. ముసలి మాస్టారు తెరల మీద తువ్వాళ్ళు కప్పేవాడు. ఒక విండో నుంచి పక్క విండోకి పోవడానికి ఒక కీ ఉంది, దాన్ని వాళ్ళు గంతు అనేవారు. తెర చూడకుండా గంతులేసి సరైన విండోలో సరైన మాట రాయాలి. ప్రతిసారీ డెల్ఫీనే మొదటిది. ప్రతిసారీ రోవెనా రెండోది. మ్యాపు నుంచి చాట్‌కి ఒక గంతు, చాట్ నుంచి ఆజ్ఞల విండోకి రెండో గంతు. డెల్ఫీన్ ఆ రెండు గంతులూ చూసుకుని వెయ్యదు.

పక్క గదిలో కెటిల్ ఈల వేసింది.

రోవెనా మ్యాపు విండోని రెండుగా చీల్చింది. కింది ముక్కని ఒకే ఒక్క గీటంత సన్నగా చేసింది. రెండిట్లోనూ అదే మ్యాపు బఫర్, కాబట్టి అతుకు కనిపించదు. ఇప్పుడు మ్యాపు నుంచి మొదటి గంతు ఆ గీటులోకి, రెండో గంతు చాట్‌లోకి పోతుంది. కర్సర్‌ని మళ్ళీ పై మ్యాపులో పెట్టి, ఆ అమరికని 'డి' కిందే దాచేసింది. మిగతావన్నీ మూసి, వాతావరణాన్ని తెర నిండా పరిచింది.

*

డెల్ఫీన్ టీ తేలేదు. చిన్న పిస్టల్ తెచ్చింది.

"కీబోర్డ్ నిండా వేలిముద్రలు పెట్టావా? మంచిపిల్లవి. లే, ఆ గోడకి ఆనుకో."

"నన్ను పంపమన్నది ఇందుకా?"

"మరి? ఇలాంటి పని చేయగలిగింది మన బ్యాచ్‌లో ఇద్దరమే. నేను ఇవాళ రాత్రికి ఇంకో పేరుతో ఇంకో దేశంలో ఉంటాను. నువ్వు ఇక్కడే చచ్చి పడుంటావు. పైగా ఓడ మీద నీ తమ్ముడు. ఇంట్లో ఆస్తి గొడవ అనుకుంటారు."

"మా నాన్న వదిలిపెట్టింది ఒక తెడ్ల పడవ. దానికీ చిల్లు."

"ఆ సంగతి పేపర్లవాళ్ళకి తెలియదుగా." డెల్ఫీన్ కూర్చుని ఒక కీ నొక్కింది. అమరిక తిరిగొచ్చింది. ఆమె చూపు తెర మీద పడింది. మ్యాపు అడుగున ఆ సన్నటి గీటు రోవెనా కళ్ళకి దూలమంత కనిపిస్తోంది. ఇంకొక్క క్షణం అలాగే చూస్తే అయిపోతుంది.

రోవెనా నవ్వింది. పెద్దగా, ముక్కుతో.

"ఏంటే నవ్వు?"

"ఏం లేదు. తెర చూసుకుంటున్నావు. కళ్ళజోడు కూడా వచ్చిందా?"

"నోర్ముయ్."

"కోప్పడకు తల్లీ. అందరికీ వయసొస్తుంది. తువ్వాళ్ళ రోజులు పోయాయి. ఇప్పుడు నువ్వూ క్లైవ్ లాగే వెతుక్కుని వెతుక్కుని నొక్కాలి. మౌస్ కొనిపెట్టనా?"

డెల్ఫీన్ మొహం ఎర్రబడింది. పిస్టల్ పేల్చి ఉంటే బాగుపడేది. కానీ పిస్టల్‌కి భయపడేవాళ్ళని ఆమె రోజూ చూస్తుంది. ఆ తువ్వాలు విలువ తెలిసిన మనిషి ఈ లోకంలో రోవెనా ఒక్కతే. ఆమె ముందు తక్కువైపోవడం డెల్ఫీన్‌కి చావుతో సమానం.

"చూడు," అంది. మెడలోంచి పచ్చ స్కార్ఫ్ లాగి తెర మీద కప్పేసింది. "చూసి కుళ్ళుకో. ఎప్పట్లాగే."

నదిలో ఓడ కూత వినిపించింది. మంచులో ఎక్కడో, చాలా దగ్గరగా. వెంటనే స్కార్ఫ్ వెనకాల టింగుమంది. కొనేవాడి 'ఇప్పుడు' వచ్చిందన్నమాట.

డెల్ఫీన్ పిస్టల్ ఒళ్ళో పెట్టుకుంది. ఆ టైపింగ్‌కి రెండు చేతులూ కావాలి. రోవెనా కళ్ళలోకి సూటిగా చూస్తూ, పెదవి మీద చిరునవ్వుతో, ఒక గంతు, రెండో గంతు. వేళ్ళు వానలా కురిశాయి. తప్పొక్కటి లేదు, తడబాటొక్కటి లేదు. రోవెనా లోపల మెచ్చుకోకుండా ఉండలేకపోయింది, మెచ్చుకున్నందుకు తనని తాను తిట్టుకుంది.

ఎంటర్.

"అయిపోయింది. గుడ్ బై చెప్పుకో జేగోకి," అని డెల్ఫీన్ గాజు వైపు తిరిగింది, శబ్దం కోసం.

శబ్దం వచ్చింది. టింగ్.

డెల్ఫీన్ కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ టింగ్. స్కార్ఫ్ ఎత్తింది. చాట్ విండోలో ఆమె రాసిందంతా నలుగురూ చదివేలా పరిచి ఉంది. దాని కింద కొనేవాడి జవాబు: "ఇది నాకెందుకు పంపావు?" దాని కింద ఇంకోటి: "శబ్దమేమీ వినపడలేదు."

డెల్ఫీన్ చెయ్యి ఒళ్ళోకి పోయేసరికి రోవెనా గోడ దగ్గర దింపి ఉంచిన క్లైవ్ సిలిండర్ మీట నొక్కింది. సిలిండర్ ఒక్కసారి తుమ్మింది. గ్యాసూ లేదు, నురగా లేదు. ఏనుగు సంగతి దేవుడెరుగు, ఈగ కూడా పడుకోదు. రోవెనా దాన్ని రెండు చేతులా తిప్పి డెల్ఫీన్ తల మీద వేసింది. డెల్ఫీన్ కుర్చీతో సహా పక్కకి ఒరిగి, పడుకుంది.

మ్యాపు మీద ఓడ వంతెనని తాకబోతోంది.

రోవెనా నిలబడే కీబోర్డ్ అందుకుంది. చాట్ నుంచి ఒక్క గంతు, ఆజ్ఞల విండో. పాస్‌వర్డ్ కోసం పక్కకి చూసింది. చాట్‌లో పరిచి ఉంది: 'డెల్ఫీన్ మహారాణి'. ఇంతేనా! ఇన్నేళ్ళ గూఢచర్యం, రెండు దేశాల జీతం, చివరికి దాచుకున్న రహస్యం ఇదా! ఒక్కో అక్షరం చూసుకుని కొట్టింది. సిగ్గుపడలేదు. తమ్ముడి ప్రాణం ముందు తువ్వాళ్ళూ లేవు, పంతాలూ లేవు. రద్దు. ఎంటర్.

విండో ఒక క్షణం ఆలోచించింది. తర్వాత ఒక మాట రాసింది: రద్దయింది.

గాజు అవతల తెల్లటి మంచులోంచి నల్లటి ఓడ ముక్కు బయటికొచ్చింది. వంతెన కాళ్ళ మధ్య నుంచి, అటూ ఇటూ సరిసమానంగా చోటు వదిలి, తాపీగా జారుకుంటూ పోయింది. కూత ఒకసారి పెట్టింది. పైన ఆగిన కార్లవాళ్ళు విసుగ్గా హారన్లు కొట్టారు. వాళ్ళకి ఆలస్యమవుతోందట.

రోవెనా పచ్చ స్కార్ఫ్ తీసి డెల్ఫీన్ చేతులు వెనక్కి కట్టేసింది. తర్వాత కొనేవాడికి జవాబు రాసింది: "సరుకు తీసుకుని నేనే వస్తున్నాను. రూమ్ నంబర్ చెప్పండి."

మహానుభావుడు చెప్పాడు.

*

సాయంత్రం మళ్ళీ అదే చేపల పడవ. జేగో కూడా వచ్చాడు, మంచుకి ముక్కు ఎర్రబడి. అక్క ఓవరాల్స్ ఎందుకేసుకుందో వాడికి తెలియదు, అడగడు కూడా. ఇన్నేళ్ళుగా ఆమె ప్రభుత్వ సిలిండర్ల శాఖలో పనిచేస్తోందనే అనుకుంటున్నాడు.

"పొద్దున్న మంచు చూశావా అక్కా? ఏమీ కనపడలేదు. తెర చూసుకుంటూ వచ్చేశా. ఆ మెషీన్ ఉంటే మనిషికి కళ్ళక్కర్లేదు."

"అప్పుడప్పుడు కళ్ళు కూడా వాడరా," అంది రోవెనా. వాడి పళ్ళెంలోంచి స్కాలప్ పై తీసుకుని కొరికింది. వాడు ఇంకోటి తెమ్మని చెప్పాడు.

జేగో వెళ్ళాక క్లైవ్ ఛాతీ విరుచుకుని లాప్‌టాప్ తెరిచాడు. హోటల్లో కొనేవాడు పైజామాలో దొరికాడు. డెల్ఫీన్ తలకి కట్టుతో జైల్లో ఉంది. వేళ్ళకి కూడా దెబ్బ తగిలిందా అని డాక్టర్‌ని పదేపదే అడుగుతోందట. రిపోర్ట్‌లో క్లైవ్ రాసింది ఏమిటంటే, మన సిలిండర్ అద్భుతంగా పనిచేసింది. రోవెనా దిద్దలేదు. సిలిండర్ మీది సొట్ట చూసి కూడా అడగనివాడికి ఏం చెబుతాం?

"అసలు సంగతి మరిచాను!" అన్నాడు క్లైవ్. "మంత్రిగారు స్వయంగా నిన్ను మెచ్చుకుంటూ మెయిల్ పంపారు. ఆయన ఎవరికీ రాయరు తెలుసా! ఉండు, చదివి వినిపిస్తాను. ఇప్పుడే తెరిచి పెట్టాను."

మౌస్ పట్టుకుని స్కోర్ల విండోని పక్కకి లాగాడు. దాని కింద వాతావరణం. దాని కింద కుక్కపిల్ల. రోవెనా చేతులు కట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత లేచి ఇంటికెళ్ళిపోయింది.

ఆ మెప్పు ఇప్పటికీ ఏదో ఒక విండో కిందే ఉంది.